రూర్కెలాలో ఉన్న త్రినాథ్

మంగళవారం పొద్దున్నే త్రినాథ్ రాసిన ఉత్తరం రూర్కెలా నుంచి వస్తుంది. ఆ సమయానికి త్రినాథ్ ఇంట్లోనే, వెనక గదిలో, గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు.

ఉత్తరం అందుకున్నది అతని అక్క నీలవేణి. అక్షరాలు తమ్ముడివే. ఒత్తులు అక్షరాలకన్నా పెద్దవిగా రాయడం వాడికి ఐటీఐలో చదివేటప్పటి నుంచీ అలవాటు. తను క్షేమమనీ, ఉండడానికి క్వార్టర్ ఇచ్చారనీ, అక్కడ చలి ఎక్కువనీ రాశాడు.

నీలవేణికి ఆశ్చర్యం కలగదు. సిగ్గు కలుగుతుంది. రూర్కెలా అన్న మాట పుట్టింది ఆమె నోట్లోనే. బొబ్బిలిలో తను పనిచేసే బట్టల కొట్టులో ఎవరో "మీ తమ్ముడు అగుపడ్డం లేదేటి?" అని అడిగితే, చీర మడత పెడుతూ "రూర్కెలాలో ఉద్యోగం వచ్చింది" అనేసింది. అంతకు రెండు వారాల ముందే త్రినాథ్‌ని విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారు. ఎవరూ లేనిచోట వాడికి గొంతులు వినిపిస్తున్నాయి. "ఇది జబ్బమ్మా, ఎవరి తప్పూ కాదు. మందులు మానొద్దు. నలుగురిలో తిరగనివ్వండి" అని డాక్టరు చెప్పింది. మందులు మానలేదు. రెండో మాటని నీలవేణి ఆ చీర మడతలో పెట్టేసింది.

ఉత్తరాలు వారం వారం వస్తుంటాయి. రూర్కెలా త్రినాథ్ వాలీబాల్ ఆడానని రాసిన వారం, వెనక గదిలో త్రినాథ్ చెప్పులు అతనికి రెండు సైజులు పెద్దవైపోతాయి. ప్రమోషన్ వచ్చిందని రాసిన వారం, అతను కూర్చున్నచోట దుప్పటి నలగడం మానేస్తుంది.

తల్లి గౌరమ్మ ఉత్తరాల్ని వీధంతటికీ చదివి వినిపిస్తుంది. మధ్యాహ్నం పీట వేసి, పీట మీద ఉత్తరం పెట్టి, దాని ముందు కంచంలో అన్నం వడ్డించి విసనకర్రతో విసురుతుంది. వెనక గదికి కంచం తీసుకెళ్ళేది నీలవేణి ఒక్కతే.

"అప్పా, నాను అక్కడ బాగున్నానా?" అని అక్కని అడుగుతాడు త్రినాథ్.

"బాగున్నావు."

"చలికి స్వెట్టర్ కొనుక్కున్నానా?"

"కొనుక్కున్నావంట."

"మంచిదే. మరి గొంతులు? అయి కూడా అక్కడికి ఎల్లిపోనాయా?"

"ఉత్తరంలో రాయలేదు."

"అలాటివి ఎవులు రాస్తారప్పా," అంటాడు త్రినాథ్. అన్నం కలుపుకుంటాడు. ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి సగమవుతుంది.

ఇలా ఆరేళ్ళు గడుస్తాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం రూర్కెలా త్రినాథ్ పాసింజరు దిగి ఇంటికి వస్తాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెట్టె, చిన్నప్పుడు గడప తగిలి కనుబొమ్మ మీద పడిన అదే మచ్చ. గౌరమ్మ అతని కాళ్ళు తనే కడుగుతుంది. ఏడుస్తూ కొంగుతో తుడుస్తుంది. పీట మీద కూర్చోబెట్టి వంకాయ కూర వడ్డిస్తుంది.

అతను మొదటి ముద్ద కలిపి ఆగుతాడు. "వాడు తిన్నాడా?"

"ఎవుడు?" అంటుంది గౌరమ్మ.

"లోపల వాడు."

"నువ్వు కాకుంటే నాకింకెవుడున్నాడు నాయినా?"

నీలవేణి తల్లి ముఖంలోకి చూస్తుంది. అక్కడ అబద్ధం కోసం వెతుకుతుంది. లేదు. అబద్ధం ఉంటే బాగుండుననిపిస్తుంది.

రూర్కెలా త్రినాథ్ చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళి, మంచం మీద త్రినాథ్ పక్కన, సొంత తమ్ముడి పక్కన కూర్చున్నట్టే కూర్చుంటాడు. "రాయడానికి ఇంకేటీ మిగల్లేదురా," అంటాడు. "అక్కడ నన్నెవులూ ఎరగరు."

"ఇక్కడా అంతే," అంటాడు త్రినాథ్.

అదే వేళకి జనాభా లెక్కలు రాసే టీచరమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. "ఇంట్లో ఎంతమందమ్మా?"

"నానూ, మా గుంటా," అంటుంది గౌరమ్మ కూతురివైపు చెయ్యి చూపించి. "కొడుకు ఉండేది రూర్కెలాలో."

ఆ మాట పూర్తయ్యేసరికి, వెనక గదిలో త్రినాథ్ చెయ్యి ఉన్నచోట అవతలి గోడ సున్నం కనిపిస్తుంది. నీలవేణి గుమ్మంలోంచి చూస్తుంది. ఇంకొక్కసారి ఆ మాట అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"కాదు, ముగ్గురం," అంటుంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మా తమ్ముడు త్రినాథ్ వెనక గదిలో ఉన్నాడు. ఆరేళ్ళ నుంచీ ఉన్నాడు. స్కిజోఫ్రీనియా అనే జబ్బు. మందులేసుకుంటాడు. రూర్కెలా అని అబద్ధమాడింది నేను."

గదిలో మంచం కిర్రుమంటుంది. ఇద్దరు కూర్చున్నచోట ఒక్కడే ఉన్నాడు. పక్కన ఇస్త్రీ చొక్కా మడతపెట్టి ఉంది. దుప్పటి అతని కింద నలిగి ఉంది.

టీచరమ్మ ఏమీ రాయదు. పెన్ను మూత పెడుతుంది, తీస్తుంది. "మా అత్తగారు కాశీలో ఉందని చెప్తాం," అంటుంది చివరికి. "పదకొండేళ్ళయింది. ఆవిడ గదికి బయట గొళ్ళెం నేనే పెట్టి వస్తాను."

ఎదురింట్లో గొళ్ళెం తీసిన చప్పుడవుతుంది. తర్వాత పక్కింట్లో. తర్వాత వీధి చివరిదాకా. సూరత్‌లో ఉన్నవాళ్ళు, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు, హాస్టల్లో చదువుతున్నవాళ్ళు, మేనమామ ఇంట్లో పెరుగుతున్నవాళ్ళు తమ తమ వెనక గదుల్లోంచి కుర్చీ ఒకటి పట్టుకుని బయటికి వస్తారు. రోడ్డు మీద వరసగా వేసుకుని కూర్చుంటారు. ఎండకి కళ్ళు చికిలించుకుంటారు. త్రినాథ్ కూడా తన కుర్చీ తెచ్చుకుని, ఒక ముసలామెకీ ఒక కాలేజీ అమ్మాయికీ మధ్య వేసుకుంటాడు. నీలవేణి అతని వెనక నిలబడుతుంది.

గౌరమ్మ అరుగు దిగుతుంది. "మా వోడు కూడా ఇందులో ఉన్నాడు గావాల," అని ఒక్కొక్క కుర్చీ దగ్గరా ఆగుతుంది. ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూస్తుంది.

"నువ్వేనా నాయినా?"

"కాదమ్మా," అంటారు వాళ్ళు మర్యాదగా.

త్రినాథ్ వంతు వస్తుంది. ఆమె చాలాసేపు చూస్తుంది. బొటనవేలితో కనుబొమ్మ తడుముతుంది. అతను కాదనకుండా ముఖం అలాగే ఎత్తి ఉంచుతాడు. ఆమె చేతులు వదిలి పక్క కుర్చీకి వెళ్ళిపోతుంది.

"అమ్మా," అని పిలవబోతుంది నీలవేణి.

"ఉండనీ అప్పా," అంటాడు త్రినాథ్. "ఎరగనోడిని ఎలాగ ఎరుగుతాది? ఎతకనీ."

నీలవేణి అతని భుజం మీద చెయ్యి వేస్తుంది. ఎండలో ఉన్నా భుజం చల్లగా ఉంది, కానీ చేతికి తగులుతోంది.

కుర్చీల వరస రైలు గేటు దాటి, చెరకు తోటలు దాటి, వేగావతి నదిలోకి దిగుతుంది. అక్కడ మనుషులు రొమ్ము లోతు నీళ్ళలో కుర్చీల మీద కదలకుండా కూర్చుని ఉన్నారు. గౌరమ్మ చీర తడుపుకుంటూ ఒక్కొక్కరినే తడిమి చూస్తూ ముందుకు పోతోంది. ఆమె తాకి వదిలిన ప్రతి ముఖమూ, ఆడదైనా మగవాడైనా, పసిదైనా ముసలిదైనా, ఆమె వీపు వెనక నెమ్మదిగా త్రినాథ్ ముఖమవుతోంది. ఆమె వెనక్కి తిరిగి చూడదు.