మూలన పడిన నీడ

"నాన్న ఫోటోలో ఆ మూల నల్లగా ఏదో నీడ పడింది, అది కత్తిరించెయ్," అన్నాడు భర్త, ఆమె అప్పుడే దండెం మీంచి తీసుకొచ్చిన తువ్వాలుతో తల తుడుచుకుంటూ. ఆమె కత్తిరించేసింది. కొత్తగా పెళ్ళైన పిల్లకి మొగుడు ఏం చెప్పినా ముద్దుగానే ఉంటుంది. పైగా ఆ ఫోటోతో వ్యాసం రాయడం అత్తవారింట్లో ఆమెకి అప్పగించిన మొదటి పని. గిన్నెలూ బట్టలూ ఇల్లు తుడవడం ఎవరూ అప్పగించలేదు, వాటంతట అవే వచ్చి ఆమె చేతుల్లో కూర్చున్నాయి. ఇది మాత్రం అందరూ హాల్లో కూర్చుని, "ఎమ్మే చదివినదానివి, నువ్వే రాయాలి" అని అప్పజెప్పిన పని. అంతర్జాలంలో ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం ఒకటుంది కదా, అందులో మామయ్య గురించి వ్యాసం పెట్టాలి. ఆమెకి ఒకటే సంబరం.

మామయ్య అందరికీ పిట్టల మాస్టారు. పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన తీసిన పక్షుల ఫోటోలు ఒకప్పుడు పత్రికల్లో పడ్డాయి. భర్త తన పేరుతో ఖాతా తెరిచిపెట్టాడు. రాసేది నేనైతే మీ పేరేమిటి అని ఆమె అనబోతే, "నువ్వు రాస్తే నేను రాసినట్టు కాదా? మనిద్దరం వేరా?" అని ముక్కు పట్టుకుని ఊపాడు. ఆ మాటకి ఆమె ఆ పూటంతా తనలో తనే నవ్వుకుంటూ తిరిగింది.

వ్యాసం పెట్టీ పెట్టగానే నెత్తిన హెచ్చరికలు పడ్డాయి. ఈయన గురించి ఇంట్లోవాళ్ళు పొగిడితే చాలదు, బయటివాళ్ళు రాసినవి చూపించాలి, లేకపోతే వారంలో తొలగిస్తాం అని ఒకటి. సన్మాన సంచికలోంచి దించిన పేరాలు వేరేవాళ్ళ రచన, వాడకూడదు అని ఇంకొకటి. మనింట్లో ఉన్న పుస్తకం మనది కాదా అనుకుంది పాపం. ఫోటోల దగ్గర 'స్వంత కృతి' అని ఉన్నచోట టిక్కు పెట్టిందీ అందుకే.

చర్చ పేజీలో మొహం తెలియని నిర్వాహకుడొకడు మర్యాదగా అడిగాడు, ఇంత పాత ఫోటో మీరే తీశారా అని. కాదు, మామయ్య తీశారని మార్చింది. చెరువు బురదలో దుర్భిణి పట్టుకుని నిలబడింది ఆయనే కదా, మరి తీసిందెవరు అన్నాడు. ఫోటో మీద హక్కు అందులో ఉన్నవారిదీ కాదు, కెమెరా కొన్నవారిదీ కాదు, తీసినవారిది, వారి అనుమతి కావాలి అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. అన్నిటికీ అనుమానమే, ఈ మనిషి కాపురం ఎలా చేస్తున్నాడో.

కానీ ఆ అనుమానం జలుబులా ఆమెకీ అంటుకుంది. అడిగితే మామయ్య పేపరు దించకుండానే, "ఎవరో ఒకరు నొక్కుంటారు. నొక్కడానికేముంది," అన్నాడు. టైమరు పెట్టి ఉంటారన్నాడు భర్త. బురదలో స్టాండు ఎక్కడ నిలబడుతుందని ఆమెకి తోచింది గానీ పైకి అనలేదు. బీరువా మీది ఆల్బములన్నీ దించింది. మామయ్య పడవలో, మామయ్య గట్టు మీద, మామయ్య భుజాలెక్కి కూర్చున్న చిన్నపిల్లాడు, ఇప్పటి ఆమె భర్త. అత్తయ్య ఎక్కడా లేదు. పెళ్ళి ఫోటో దిగి ఆవిడ ఆ ఇంట్లోంచి ఎటో వెళ్ళిపోయినట్టుంది. కత్తిరించని అసలు ఫోటోని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకు చూసింది. మూలన, బురద మీద నీడ. మెడ మీదికి జారిన ముడి, భుజాన సంచీ, పైకెత్తిన రెండు మోచేతులు.

తన చేత్తోనే కదా కత్తిరించింది.

అత్తయ్య వెనక వరండాలో దుప్పటి మడతపెడుతోంది. ఆమె రెండో కొస అందుకుని, మెల్లగా అడిగింది.

"తీశాను," అంది అత్తయ్య, ఇందులో ఏముందన్నట్టు. "ఆయన దిగబడిపోతుంటే నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదులుతుందని పెదవి కొరుక్కుని తీశాను."

"మరి పిట్టలవి?"

అత్తయ్య సరిగ్గానే ఉన్న అంచుని మళ్ళీ సరిచేసింది. "మీ మామయ్యకి ఏ పిట్ట ఎప్పుడొస్తుందో తెలుసు. అది ఇటు తిరిగేదాకా కిక్కురుమనకుండా కూర్చోవడం ఆయన వల్లేమవుతుంది? నాకు అలవాటేగా. పత్రికలో నా పేరు వెయ్యలేదేమని ఒకసారి అడిగాననుకో. నువ్వు తీస్తే నేను తీసినట్టు కాదా, మనిద్దరం వేరా, అన్నారు. నేనూ నవ్వేశాను. కొత్తలో అన్నీ ముద్దుగానే ఉంటాయి కదమ్మా."

ఆమె చేతిలోంచి దుప్పటి కొస జారింది. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా. ముక్కు మీద ఇంకా ఆ వేళ్ళున్నట్టు తడుముకుంది. నీ చేతి టీ తాగితే గానీ లేవలేను అంటాడు భర్త. నా ఆఫీసు రిపోర్టు నువ్వు దిద్దితే ఆ అందమే వేరు అంటాడు. మురిసిపోయి దాచుకున్న మాటలన్నిటినీ ఒక్కొక్కటే కిటికీ దగ్గర పట్టుకు చూడాలనిపించింది.

సాయంత్రం సంగతి చెబితే భర్త తేలిగ్గా తీసిపారేశాడు. అమ్మ ఏమంటుంది, అనుమతి ఇచ్చిందని రాసి పడెయ్, నాన్న వాకింగులో అందరికీ చెప్పేసుకున్నారు, ఇప్పుడు వ్యాసం పోతే తలెత్తుకోలేరు అన్నాడు. నిన్నటిదాకా అయితే రాసి పడేసేదే. ఆమె లేచి అత్తయ్య దగ్గరికి వెళ్ళి నిర్వాహకుడి మాట చెప్పింది.

"నా అనుమతి కావాలన్నాడా ఆ అబ్బాయి?"

"అవునత్తయ్యా. మీరు ఊఁ అంటేనే."

హాల్లో పేపరు చప్పుడు ఆగింది. "ఊఁ అంటేనే," అని అత్తయ్య ఆ మాటని ఒకసారి చప్పరించింది.

"ఆలోచించుకుని చెప్తానని రాయి."

భర్త నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని భర్త ఖాతాలోంచి బయటికొచ్చింది. తన పేరుతో కొత్తది తెరిచింది. చర్చ పేజీలో ఆ మర్యాద మనిషికి జవాబు రాసింది: "ఫోటోలన్నీ మా అత్తయ్య తీసినవి. ఆవిడ ఆలోచించుకుంటున్నారు. అందాకా అన్నీ తీసెయ్యండి. ఈ వ్యాసం రాసింది నేను."