గీతల అవతల

"జరుగోయ్, గీతలోకి వచ్చేస్తున్నావ్!"

పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ, టీ ట్రే పట్టుకుని ముందుగదిలో అడుగు పెట్టబోయినప్పుడల్లా చిజుకో విన్న మాట ఇదే. భర్త తెత్సురో కెమెరాలోంచి చూస్తే చట్రంలా తెల్లగీతలుంటాయనీ, ఫోటోలో పడేది వాటి లోపలున్నదేననీ ఆమెకు తెలుసు. గీతల అవతల ఉన్నది ఆయనకు కనిపించదనుకునేది. కనిపించని మనిషిని పిలవలేదని అలిగితే ఏం బావుంటుంది? పిల్లల పుట్టినరోజులు, మామగారి సన్మానం, అన్ని ఫోటోల్లోనూ ఆమె చేసిన వంట ఉంది, ఆమె లేదు. ఒకదాంట్లో మోచేయి ఉంది. "మోచేయి పడిందిగా, ఇంకేం కావాలే నీకు!" అని అత్తగారు పకపకా నవ్వింది. చిజుకో కూడా నవ్వేసి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

ఆ అత్తగారికే ఇవాళ ఎనభై ఎనిమిదో ఏటి వేడుక. ఆ వయసుకి ఆచారమైన పసుప్పచ్చ టోపీ, పసుప్పచ్చ కోటు వేసుకుని పెళ్లికూతురిలా కూర్చుంది. తెత్సురో కుడికంటికి ఆపరేషనై కట్టు ఉంది.

"ఇవాళ నువ్వే తియ్యాలోయ్. మధ్యలో చిన్న చదరం ఉంటుంది, అందులో అమ్మ ఇద్దరుగా కనిపిస్తుంది. ఒక్కతయ్యేదాకా లెన్సు తిప్పు."

"ఒక్క అత్తగారితోనే వేగలేక చస్తుంటే ఇద్దరా!"

అందరికంటే గట్టిగా అత్తగారే నవ్వింది. చిజుకో కెమెరాకి కన్ను ఆనించింది. గీతల మధ్య అత్తగారు, భర్త, కొడుకు. గీతల అవతల, తలుపు దగ్గర, కొత్త కోడలు మిత్సుయో. చేతిలో ట్రే. ఎక్కడ ఆగాలో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది పిచ్చిపిల్ల.

"ఏమండీ, గీతల బయట కూడా కనిపిస్తోందేంటి?"

"అదేగా దీని గొప్ప!" తెత్సురో ఉత్సాహంగా అందుకున్నాడు. "మనుషుల్ని ఉన్నదానికంటే కాస్త చిన్నగా చూపిస్తుంది. అందుకే చుట్టూ అంత చోటు మిగుల్తుంది. లోపలికి ఎవరు రాబోతున్నారో ముందే చూసుకోవచ్చు."

చిజుకో కెమెరా దించింది.

"అయితే ఇన్నేళ్లూ నేను మీకు కనిపిస్తూనే ఉన్నానన్నమాట."

తెత్సురో కట్టు లేని కంట్లో నీళ్లు తిరిగాయి. ఆ మొహం చూస్తే ఆమెకి కోపం రాలేదు, జాలేసింది. కానీ జాలిపడి ఊరుకోవడం ఇవాళ ఆమె వల్ల కాలేదు.

"మిత్సుయో, ఆ ట్రే కింద పెట్టి బామ్మ పక్కన కూర్చో."

"టీ చల్లారిపోదుటే?" అంది అత్తగారు.

"చల్లారనివ్వండి అత్తయ్యా."

అందరూ గీతల్లోకి వచ్చేదాకా వెనక్కి జరిగి ఒక ఫోటో తీసింది. ఆ తర్వాత కెమెరా భర్త చేతిలో పెట్టింది.

"ఒంటికన్నుతో సరిగ్గా రాదేమోనోయ్," అన్నాడు మెల్లిగా.

"మసగ్గా వచ్చినా ఫరవాలేదు. నేను చెప్పేదాకా మాత్రం నొక్కకండి."

చిజుకో తీరిగ్గా ఏప్రన్ విప్పింది, మడిచింది, జుట్టు సర్దుకుంది. అత్తగారికీ కోడలికీ మధ్య కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. తెత్సురో ఎడమకంటికి కెమెరా ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆమె ఇంకాసేపు అతన్ని అలాగే ఉండనిచ్చింది.