రాజనర్సయ్య నెత్తుట్లో పహిల్వాన్లు

పంజగుట్టలో ఓ పాత మేడ మూడో అంతస్తు, పరిశోధనశాల. పొద్దున్నే పరిశోధక విద్యార్థిని సుష్మిత, అటెండరు రాజనర్సయ్య వేలు గుచ్చి నెత్తురు తీసింది. కండరాలను ముడిచే మయోసిన్ అనే ప్రోటీన్, రోగాలతో కొట్లాడే తెల్ల రక్తకణాల్లోనూ ఉందని ఆమె ఫొటోతో చూపించాలి. దాన్ని మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీకి ఆకుపచ్చ రంగు తగిలించి కణాల మీద వేస్తే, మయోసిన్ ఉన్నచోట వెలుగుతుంది. సాయంత్రం ఐదింటికల్లా ఫొటో పంపకపోతే బెంగళూరు సదస్సులో ఆమెకు చోటు లేనట్టే.

పన్నెండింటికి మైక్రోస్కోపులో చూస్తే స్లైడంతా దీపావళి. రాజనర్సయ్య కూడా ఓ కన్ను మూసి చూశాడు.

"అవ్వల్ల! గివన్ని నాయేనా బిడ్డా?"

"నీయే కాకా."

"మరి? పడుచుతనంల పొద్దుకు నూరు బస్కీలు తీసినోణ్ని. లోపట సుత పహిల్వాన్లే ఉన్నరు!"

కిందికి దిగి చాయ్ హోటల్లో చాటింపు వేసొచ్చాడు. వెనకే మధురానగర్ జిమ్ములో పనిచేసే కుర్రాడొకడు చొక్కా చేయి మడుచుకుంటూ ఎక్కొచ్చాడు, "అక్కా, నాది సుత చూడరాదే" అంటూ.

వాణ్ని పంపేసి సుష్మిత రెండో స్లైడు పెట్టింది. పోల్చి చూడ్డానికి పెట్టిన అదే నెత్తురు; దానికి యాంటీబాడీ గానీ రంగు గానీ తగల్లేదు. నల్లగా ఉండాలి. అదీ ధగధగలాడుతోంది. అంటే మొదటిదాంట్లో వెలుగు కూడా మయోసిన్‌ది కాకపోవచ్చు.

"దాన్ని పక్కకు పెట్టి మొదటిదే పంపు. ఎవడు చూస్తడు?" అన్నాడు రాజనర్సయ్య.

ఒక్క క్షణం నిజంగానే మనసు లాగింది. అంతలో అతని వేలు కంటపడింది.

"గిదేంది కాకా?"

"పసుపు. నువ్వు గుచ్చి, స్లైడ్లు తెస్తనని పోతివి. నెత్తురు ఆగొద్దా? ఎర్రగడ్డ బజార్ల కొన్న పొట్లం సంచిలనే ఉండె."

తిరిగొచ్చి, తుడవకుండా అదే వేలు పిండింది తను. మైక్రోస్కోపులోని నీలికాంతి పడితే పసుపు తనంతట తానే మెరుస్తుంది.

"అయితే నా పహిల్వాన్లు?"

"పసుపు పూసుకున్న పెండ్లికొడుకులు కాకా!"

మళ్లీ నెత్తురు కావాలి. రాజనర్సయ్య చేతుల పసుపు కడిగినా పోదు, జిమ్ము కుర్రాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. ప్రయోగం చేసేవాళ్లు సొంత నెత్తురు వాడకూడదని గోడకు కాగితం అంటించింది ఆమె గైడు సత్యనారాయణ గారే. అమీర్‌పేట ట్రాఫిక్కు ఈదుకుంటూ ఆయన అప్పుడే లోపలికొచ్చారు. సంగతి విని, సూది చూసి, వచ్చిన దారికేసి తిరిగారు.

"ఏంటమ్మా, ఇంకెవరూ దొరకలేదా?"

"జర కూసోండ్రి సారూ," అని రాజనర్సయ్య ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాడు. "చీమ కుట్టినట్టే. ఫికర్ చెయ్యకుండ్రి."

సార్ కళ్లు మూసుకుని, సూది తగలకముందే అబ్బా అన్నారు.

నాలుగూ నలభైకి చూస్తే, ఏమీ వేయని స్లైడు కాటుకలా నల్లగా ఉంది. యాంటీబాడీ వేసినదాంట్లో ప్రతి కణం అంచునా సన్నటి ఆకుపచ్చ గీత. దీపావళి కాదు, కానీ నిజం. సుష్మిత రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపేసింది.

"పోయిందా అమ్మా?" మూలన బల్ల మీద పడుకున్న సార్ నీరసంగా అడిగారు.

"పోయింది సార్. ఇగ లేవొచ్చు."