సీటు కింది రాగిరేకు

రామాంజులు ఏడోసారి మోటార్‌సైకిల్ స్టార్టు బటన్ నొక్కాడు. బండి ఒక్కసారి టక్కుమని ఊరుకుంది.

"మళ్లీ అదే ఏడుపు" అన్నాడు అతను. "రాత్రి ఎంత బాగుండె! పొద్దున్నకల్లా బ్యాటరీని ఎవరో తాగేసినట్లే పోతాంది."

హేమలత గోడ గడియారం కనబడేలా తలుపు బార్లా తెరిచిపెట్టి వాకిట్లో నిలబడింది. ఏడుంబావు. పదకొండుకల్లా ఇడుపులపాయలో ఉండాలి. కూతురు వర్షితకు అక్కడి కాలేజీలో ఆరేళ్ల చదువుకు సీటొచ్చింది. సర్టిఫికెట్లు చూసి చేర్చుకునేది ఈరోజే, పేరు పిలిచేది పదకొండుకు. పిలిచినప్పుడు పిల్ల ఎదురుగా లేకపోతే సీటు వెనకవాళ్లకు పోతుందని ఫోన్‌కు వచ్చిన కాగితంలో ఉంది. వారం రోజుల్లో హేమలత ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు.

బస్సులో పోదామని నిన్నటి నుంచీ అంటూనే ఉంది. ప్రొద్దుటూరులో ఎక్కి ఎర్రగుంట్లలో దిగాలి, అక్కడ ఎక్కి వేంపల్లెలో దిగాలి, ఆ తర్వాత ఆటో. "మూడు బండ్లు మారేదానికి మన బండేం పాపం చేసింది? గంటన్నరలో దించుతా" అన్నాడు రామాంజులు. బట్టల అంగట్లో పొద్దస్తమానం నిలబడి చీరలు పరిచే మనిషి, బండెక్కితే మాత్రం రాజే.

"అంతా దీనివల్లనే" అని ఇప్పుడతను హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ చార్జరును వేలితో కొట్టాడు. "మెకానిక్ చెప్పనే చెప్పినాడు. పాప రోజంతా ఫోను తగిలిస్తే బ్యాటరీ యాడ నిలుస్తాదప్పా అని."

"నేను దానికి ఫోను పెట్టి పది దినాలాయ నాయనా" అంది వర్షిత.

"నోర్మూసుకో మే. తప్పు చేసి మళ్లీ మాటొకటి!"

వర్షిత తల్లివైపు చూసింది. హేమలత చూపు తిప్పుకుని, ఫైలు సంచి జిప్పును తీసి మళ్లీ వేసింది.

ఆమె మనసులో ఒక అనుమానం మూడు వారాలుగా మెదులుతోంది. బండికి ఈ జబ్బు మొదలైంది ఆమె రాగిరేకు పెట్టిన తర్వాతే.

పోయిన ఎండాకాలం రామాంజులు పులివెందుల నుంచి వస్తూ కంకర మీద జారిపడ్డాడు. భుజం ఎముక విరిగి నలభై రోజులు ఇంట్లోనే ఉన్నాడు. మళ్లీ బండెక్కిన రోజు నుంచి హేమలతకు ప్రాణం ప్రాణంలో లేదు. సాయంత్రం సందు మొదట్లో ఆ చప్పుడు వినబడేదాకా చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. ముందు హెడ్‌లైటుకు నిమ్మకాయలు కట్టింది. అతను తెంపి, "పులిహోరలోకి పిండుకో, ఊరికే ఎందుకు పారేస్తావు" అని వంటింట్లో పెట్టాడు. ఆ తర్వాత జమ్మలమడుగులో పుట్టింటికి పోయినప్పుడు, వాళ్ల వీధిలో రక్షరేకులు రాసిచ్చే పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన అరచేయంత రాగిరేకు మీద గళ్లు గీసి, అక్షరాలు రాసి, పసుపుగుడ్డలో చుట్టి ఇచ్చాడు. "బండిలోనే ఉండల్ల. నడిపే మనిషికి తెలియకూడదు. తెలిసినా, తీసినా ఫలం పోతాది" అని గట్టిగా చెప్పాడు. ఒక మధ్యాహ్నం అతను భోంచేసి కునుకు తీస్తుంటే, హేమలత బండి పక్కమూత తీసి, చెయ్యి దూర్చి, దాన్ని సీటు కిందికి అందినంత లోపలికి నెట్టింది.

కాపాడేదే చెరుపు చేస్తుందా అని తనకు తానే చెప్పుకుంటూ వచ్చింది. మెకానిక్ చార్జరు పేరెత్తినప్పుడు, నిజం చెప్పాలంటే, ఆమెకు హాయిగా కూడా అనిపించింది.

రామాంజులు పక్కమూత తీసి బ్యాటరీ చూశాడు. టెర్మినళ్ల మీద సున్నంలా పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగించాడు. గుడ్డతో తుడిచి, స్పానరుతో బిగించాడు. ఆ మూత తెరిచి ఉన్నంతసేపూ హేమలత చెంబు పట్టుకుని అతని భుజం మీదుగా లోపలికే చూస్తూ నిలబడింది. పసుపు రంగు కనబడలేదు. చివరికి కిక్కు కొట్టీ కొట్టీ అతని చొక్కా తడిసిపోయాక బండి దగ్గి, దగ్గి, అందుకుంది. అప్పటికి ఎనిమిదిన్నర.

"ఎక్కండి బిన్నా, తొందరగా! ఆపితే మళ్లీ లేయదు ఇది."

ముందు రామాంజులు, నడుమ వర్షిత, చివర్లో ఫైలు సంచిని రొమ్ముకు అదుముకుని హేమలత. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల వెనక అంగుళం అంగుళం కదిలారు. గేరు మారినప్పుడల్లా, చప్పుడు తగ్గినప్పుడల్లా ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఊరు దాటి వేంపల్లె దోవలో పడ్డాక, ఒక పల్లె ముందర స్పీడ్ బ్రేకరు వచ్చింది. బండి ఎగిరి దిగింది. దిగడంతోనే ఆగిపోయింది. లైటు లేదు, హారను లేదు, టక్కుమన్న చప్పుడు కూడా లేదు.

నూరడుగుల దూరంలో, రేకుల పందిరి కింద టైర్లు వేలాడేసిన పంక్చరు అంగడి ఉంది. ముగ్గురూ బండిని అక్కడికి తోశారు. అంగట్లో ఉన్నది ఒక ఆడమనిషి. నలభై ఏళ్లుంటాయి. తలమీది కొంగును చెవుల వెనక్కి దోపుకుని ట్యూబు మీద ప్యాచీ రుద్దుతోంది.

"మెకానిక్ లేడా మ్మా?" అన్నాడు రామాంజులు.

"ఉండాడు. నీ ముందర కూచోని ఉండాడు" అందామె లేవకుండానే. "నూరున్నీసా అంటారు. మా ఆయనకు నడుము పడిపోయినప్పటి నుంచి నేనే. ఏమైంది అన్నా బండికి?"

"బ్యాటరీ పోయింది."

"పోయిందని బ్యాటరీ చెప్పిందా, నువ్వు చెప్తాండావా?" అంటూ లేచి వచ్చింది. టెస్టు బల్బు వైర్లను రెండు టెర్మినళ్లకూ ఆనించింది. బల్బు వెలిగింది. "కొంచెం నీరసంగా ఉంది కానీ బతికే ఉంది. ఫ్యూజు ఎగిరింది, అంతే."

కాలిపోయిన ఫ్యూజు తీసి కొత్తది పెట్టింది. తాళం తిప్పగానే లైట్లు వచ్చాయి. వర్షిత చప్పట్లు కొట్టబోయింది. నూరున్నీసా చెయ్యెత్తి ఆపి, సీటు వెనక పట్టుకుని బండిని గట్టిగా ఒక్క కుదుపు కుదిపింది. లైట్లు ఆరిపోయాయి.

"అదీ కథ" అందామె. "యాడనో వైరు తోలు ఊడి ఇనుముకు తగులుతాంది. కుదిపితే కాలుతుంది. నిలబెట్టినా ఊరుకోదు, కొంచెం కొంచెంగా కరెంటు తాగుతానే ఉంటాది. ఎగిరి దిగినప్పుడే ఆగింది కదా అన్నా?"

"అవును" అన్నాడు రామాంజులు.

"యాడుందో వెతకల్ల. ట్యాంకి తీసి, సీటు తీసి... గంటన్నర. నా దగ్గర ఇంక ఒక్క ఫ్యూజే ఉంది. అది కూడా కాలితే ఎర్రగుంట్లకు పోవల్ల."

హేమలత ఫోనులో టైము చూసింది. తొమ్మిదీ ఇరవై. గంటన్నరంటే పదకొండు కొట్టడానికి పది నిమిషాలు, ఇక్కడే.

రామాంజులు రోడ్డు మీదికి పోయి, వచ్చే ప్రతి ఆటోకూ చెయ్యెత్తసాగాడు. ఒక్కటీ ఆగలేదు. అన్నీ మనుషులతో నిండిపోయి ఉన్నాయి. నూరున్నీసా ట్యాంకు బోల్టుకు స్పానరు పెట్టింది.

"ఈ మధ్య దీంట్లో కొత్తగా ఏమన్నా పెట్టించినారా అక్కా?"

హేమలత మొగుడి వైపు చూసింది. నడిపే మనిషికి తెలియకూడదు. అతను రోడ్డు మీద ఉన్నాడు, వినబడదు. ఆమె నూరున్నీసా పక్కన గొంతుక్కూర్చుని, చెవిలో చెప్పింది.

నూరున్నీసా నవ్వలేదు. ట్యాంకును వదిలేసి, సీటు బోల్టులు రెండూ విప్పి పైకెత్తింది. పసుపుగుడ్డ ఎప్పుడో అరిగి పేలికలైంది. రాగిరేకు మూల ఒకటి బయటికి వచ్చి, బ్లేడులా ఎర్ర వైరు మీద పడుకుని ఉంది. వైరు తోలు అక్కడ కోసుకుపోయి, లోపలి తీగ రేకుకు తగిలి నల్లబడింది. రేకు రెండో అంచు బండి ఇనుము మీద ఆనుకుని ఉంది.

"మా అమ్మ తాయెత్తు కట్టింది మా ఆయన టెంపోకు" అంది నూరున్నీసా గొంతు తగ్గించి. "అద్దానికి కట్టింది కాబట్టి సరిపాయ." రేకును హేమలత చేతిలో పెట్టి, వైరుకు నల్లటేపు చుట్టసాగింది. హేమలత దాన్ని గబుక్కున కొంగులో ముడేసింది.

రామాంజులు వచ్చాడు. "దొరికిందా?"

"దొరికింది. వైరు కోసుకుపోయింది" అంది నూరున్నీసా, తల ఎత్తకుండా.

"నాకు తెలుసు! ఆ చార్జరు వైరే కదా?" అంటూ అతను హ్యాండిల్ దగ్గరికి పోయి చార్జరును రెండు చేతులా పట్టుకుని పెరికి జేబులో వేసుకున్నాడు. "ఇంకాసేపుంటే చదువే పోయేది నీ ఫోను మూలాన! అక్కడ చేరినాక కూడా ఫోనే, ఫోనే! ఇంట్లోనే పెట్టి పో."

వర్షిత చున్నీ అంచు నోట్లో కుక్కుకుని అవతలికి తిరిగింది. భుజాలు ఎగరడం మాత్రం హేమలతకు కనబడింది. ఆరేళ్లు హాస్టలు. ఈ మాట మోసుకుని పోతుంది పిల్ల.

"అది కాదయ్యా" అంది హేమలత.

"ఏంది కాదు?"

"చార్జరు కాదు. నేను." కొంగు ముడి విప్పి రేకు చూపించింది. "జమ్మలమడుగు నుంచి తెచ్చి సీటు కింద పెట్టినా. నీకు తెలిస్తే పని చెయ్యదన్నారు. పిల్ల మీద కోప్పడొద్దు."

రామాంజులు రేకును చూశాడు, నల్లబడిన మూలను చూశాడు, భార్యను చూశాడు. నూరున్నీసా ఆఖరి ఫ్యూజు పెట్టి తాళం తిప్పింది. లైట్లు వచ్చాయి. ఆమె బండిని కుదిపింది. మళ్లీ కుదిపింది. లైట్లు అట్లే ఉన్నాయి.

"తర్వాత కొట్లాడుకుందురు లేన్నా" అందామె. "టైము చూసుకో."

మూడు కిక్కులకు బండి అందుకుంది. వేంపల్లె వైపు సాగారు. గుంత వచ్చినప్పుడల్లా హేమలత కళ్లు మూసుకుంది. ఇప్పుడు అతనికి తెలిసింది, ఫలం పోయింది. ఇప్పుడు ఏం కాస్తుంది ఈ మనిషిని? ఎదురుగా లారీ వస్తే ఆమె చెయ్యి వర్షిత మీదుగా పోయి అతని చొక్కా పట్టుకుంది.

కాలేజీ గేటు ముందు ఆగేసరికి పదకొండుకు పన్నెండు నిమిషాలుంది. రామాంజులు తాళం తీయలేదు. బండి అలాగే గుడగుడలాడుతోంది.

"పోండి లోపలికి."

"నువ్వు?"

"ఆపితే లేస్తాదో లేదో. నేనీడనే ఉంటా దీన్ని పట్టుకోని." వర్షిత వైపు చూడకుండా జేబులోంచి చార్జరు తీసి ఆమె సంచిలో పడేశాడు. "గోడకు పెట్టుకునేది వేరే కొనిస్తాలే. అదేంది, ఏడిస్తే ఫోటోలో మొగం బాగుండదు, తుడుచుకో."

వాళ్లు నాలుగడుగులు వేశాక, వెనక నుంచి భార్యను పిలిచాడు.

"మే! ఆ రేకేది?"

"కొంగులో ఉంది."

"జారిపోతాది అక్కడ. గట్టిగా ముడేసుకో."

లోపల హాల్లో వందమంది ఉన్నారు, కుర్చీలు లేవు. హేమలత గోడకు ఆనుకుని, కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుని నిలబడింది. వర్షిత పేరు పిలిచారు. ఒక చెవి ఆ పిలుపుకు, ఒక చెవి గేటు బయటి బండి చప్పుడుకు ఇచ్చి, ఆమె కూతురి వెనకే కదిలింది.