నడిచి బతకని మనిషి

ఆసుపత్రిలో ఆయనకు 'ఎందుకు డాక్టరు' అని పేరు. ఎముకలకు ఆపరేషన్లు చేయడం ఆయన వృత్తి, ప్రశ్నలతో ఎదుటివాళ్ల ప్రాణం తోడేయడం అలవాటు. నీళ్ల పైపునూ టైరు రబ్బరునూ కలిపి పేదవాళ్లకు అందే కృత్రిమ కాలు చేసిన మనిషి కదా, ఆ మాత్రం పిచ్చి ఉండాలి.

అలాంటాయన బల్ల మీద ఒక టైలరమ్మ తన కొత్త కాలిని సంచీలో తెచ్చి పెట్టేసింది.

"నొప్పా? ఒరుసుకుంటోందా?"

"లేదండీ. నడవడానికి బంగారంలా ఉంది. కానీ నేను నడిచి బతకట్లేదు కదా."

ఆ కాలితో కుట్టుమిషన్ కదలడం లేదట. ఒంటి కాలితో తొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతోందట. సోమవారానికల్లా మళ్లీ కుట్టడం మొదలుపెట్టకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడట, ఇంటికి బట్టలు పంపే షాపాయన.

మరొకరైతే "అలవాటవుతుందిలేమ్మా" అని పంపేసేవారు. ఈయన ఆమె వెంట ఇంటికే వెళ్లాడు. ఇరుకు గదిలో కిటికీ పక్కన మిషన్. చొక్కా చేతులు మడిచి తనే తొక్కాడు. చక్రం ముందుకు రెండు చుట్లు, వెనక్కి మూడు. దారం పుటుక్కుమంది.

"ఆపరేషన్లయితే బాగానే చేస్తారటగా, బాబూ," అని ఓదార్చింది ఆమె అత్తగారు.

"నువ్వు తొక్కమ్మా, ఉన్న కాలితో," అని ఆయన నేల మీద చతికిలబడ్డాడు. వేళ్లు నొక్కితే మడమ లేస్తోంది, మడమ నొక్కితే వేళ్లు లేస్తున్నాయి. తను చేసిన కాలు మాత్రం చీలమండ దగ్గర కొయ్యలా బిగుసుకుని ఉంది. అలా బిగించింది ఆయనే, మురిసిపోయిందీ ఆయనే. అందరినీ వరండాలో నడిపించి చూశాడేగానీ, నువ్వేం పని చేస్తావని ఒక్కరినీ అడగలేదు. ఆయనకు సిగ్గేసింది.

చీలమండలో మెత్తటి రబ్బరు పెట్టాడు. మొదటిది చిరిగింది. రెండోది మరీ మెత్తగా ఉండి, బరువు పడగానే కుంగిపోయింది. మూడోది ఆదివారం పట్టుకెళ్లాడు.

ఆమె కాలు తొడుక్కుని మిషన్ ముందు కూర్చుంది. పాదం ఒరిగింది, లేచింది. చక్రం ముందుకే తిరిగింది. కాసేపటికి ఆమె కాలి వంక చూడటం కూడా మానేసింది.

"ఏదీ, లేచి ఓసారి నడువమ్మా, చూద్దాం."

"ఉండండి డాక్టరుగారూ, ఈ అంచు అవనివ్వండి."

అత్తగారు పీట వేసింది. ఆయన కూర్చున్నాడు. ఆ అంచు అయ్యాక ఆమె ఇంకో గుడ్డ అందుకుంది.