బొంతల మడతలో ఎర్ర పోగు

మంగళవారం పొద్దున మా చెల్లెలు సల్కినాయ్ తనంతట తాను లేచి తల దువ్వుకుంది. అంతే. దానికే నేను పిండి చేతులతో వీధిలోకి పరుగెత్తాను.

నవంబరు నుంచి అది గోడవైపు తిరిగి పడుకునే ఉంది మరి. ఎనిమిదేళ్లుగా ఈ జబ్బు దాన్ని ఒకసారి ఆకాశానికి ఎత్తుతుంది, ఒకసారి పాతాళంలో పడేస్తుంది. లిథియం మాత్ర పైకి ఎగరకుండా పట్టుకుంది గానీ, ఈసారి కిందనుంచి లాగలేకపోయింది. నారిన్ పట్నంలో డాక్టర్ జిపార్‌గుల్ మొదట రోజూ మధ్యాహ్నం అరగంట ఎండలా వెలిగే పెద్ద దీపం ముందు కూర్చోబెట్టమంది. అదీ చాలకపోతే, జనవరిలో లిథియానికి తోడు ఇంకో చిన్న మాత్ర కలిపింది.

"ఇది తోడు మాత్రమే, పాతది మానకూడదు," అని నాకు రెండుసార్లు చెప్పింది. "ఒక్కోసారి ఈ కొత్తది మరీ పైకి తోసేస్తుంది. నిద్రపోకుండా కూడా హుషారుగా ఉందంటే రెండో రోజు దాటనివ్వకండి. నాకు ఫోన్ చెయ్యండి."

అది గుర్తుంటే నేను ఆ రోజు పరుగెత్తేదాన్నా? అమ్మ పనిచేసే ఉన్ని కార్ఖానా గుమ్మంలోంచే "సుయుంచు, అమ్మా, సుయుంచు!" అని కేకపెట్టాను. మంచివార్త మోసుకొచ్చినవాళ్ల చేతిలో సుయుంచుగా ఏదో ఒకటి పెట్టకుండా మావాళ్లెవరూ వార్త వినరు. అమ్మ వినకముందే ఏడ్చేసింది. తలకు కట్టుకున్న నీలం శాలువా విప్పి నా మెడలో వేసింది.

"శుక్రవారం గొర్రెను కోయిస్తా. ఊరంతా వచ్చి పిల్లను దీవించాలి," అంది.

నా నోరు పడిపోను, ఎంత సంబరంగా మోసుకెళ్లానో ఆ కబురు!

బుధవారానికి ఇంట్లో పాటలు. సల్కినాయ్ గంపెడు రొట్టెలు వేయించింది. పక్కింటి ఉల్బోసున్ పిన్ని వచ్చి, గోడకానించిన ఉన్ని తివాచీని చూసి "ఎంత ముద్దుగా ఉందే!" అంది. ఏడాదిపాటు కుట్టిన ఆ తివాచీని సల్కినాయ్ చుట్టచుట్టి ఆవిడ చంకలో పెట్టేసింది. ఆ తర్వాత చెవిపోగులు, ఆ తర్వాత కొత్త బూట్లు. ఇంకోచోటైతే దీన్ని వెర్రి అనేవారు. మాలో అతిథి మెచ్చింది ఇవ్వడం మర్యాద. వచ్చినవాళ్లంతా "పెద్ద చెయ్యమ్మా నీది!" అని పొగిడి పట్టుకుపోయారు. నేనూ మురిసిపోయాను, సిగ్గులేకుండా.

నాకు అనుమానం తెచ్చింది బొంతలు. పొద్దునే మడిచి పెట్టె మీద దొంతరగా పేర్చడం మా ఇళ్లలో అందరం చేసేదే. "చూశావా, నేను లేచేసరికే సర్దేసింది!" అని అమ్మ మురిసిపోతోంది. కానీ ఆ మడతలు మంగళవారం అమ్మ పెట్టినవే. సల్కినాయ్ ఎప్పుడూ అంచు బయటికి వచ్చేలా మడుస్తుంది. ఆ దొంతరను అది రాత్రి అసలు విప్పనే లేదేమో, పడుకోనే లేదేమో అనిపించింది.

నా ఇల్లు మూడిళ్ల అవతల. ఆ సాయంత్రం వెళ్లిపోయేముందు, ఎవరూ చూడకుండా పై బొంత మడతలో ఒక ఎర్ర ఉన్నిపోగు పెట్టాను. బొంత విప్పితే అది రాలిపోతుంది. గురువారం పొద్దున అక్కడే ఉంది. శుక్రవారం పొద్దున కూడా అక్కడే ఉంది.

ఇక డాక్టరుకు ఫోన్ చేశాను. "ఇవాళ కొత్తది వెయ్యకండి, పాతది మాత్రం మానొద్దు. వెంటనే తీసుకురండి," అంది.

అప్పటికే ఇంటినిండా జనం. మాంసం ఉడుకుతోంది. సల్కినాయ్ ఒక మాట ముగించకుండా ఇంకో మాటలోకి దూకుతోంది. అందరూ నవ్వుతున్నారు. అమ్మను వంటగదిలోకి లాగి చెప్పాను.

"ఇవాళేనా? ఇంతమందిలో దాన్ని పిచ్చిదాన్ని చేస్తావుటే? సోమవారం వెళ్దాంలే."

"పోయినసారీ సోమవారమే అన్నావు."

పోయినసారి ఇలాగే హుషారుగా ఉన్నప్పుడు, ఆ సోమవారం రాకముందే అది డోలాన్ కనుమలో, మంచులో, వట్టికాళ్లతో దొరికింది. ఎడమ పాదానికి రెండు వేళ్లు తీసేశారు. అమ్మ మొహం తిప్పుకుని మాంసం పళ్లెం ఎత్తుకుని వెళ్లిపోయింది.

వెనకే వెళ్లాను. అందరి ముందూ శాలువా తీసి అమ్మ ఒళ్లో పెట్టాను. "నేను తెచ్చిన వార్త తప్పమ్మా. నీది నువ్వు తీసుకో."

సుయుంచు తిరిగిచ్చినదాన్ని మా ఊరు ఇంతవరకూ చూడలేదు. నమలడం కూడా ఆపేశారు. సల్కినాయ్ ఒక్కతే పకపకా నవ్వింది. "మా అక్కంతే! పెళ్లికెళ్లినా ఏడుపు వెతుక్కుంటుంది!"

"రాత్రి పడుకున్నావా?"

"మొద్దులా పడుకున్నా!"

చెయ్యి పట్టుకుని దాని గదిలోకి తీసుకెళ్లాను. అమ్మ మా వెనకే వచ్చింది. పై బొంత ఎత్తి పోగు చూపించాను. "దొంగలా పెట్టానే. ఏమీ అనుకోకు," అన్నాను.

దాని నవ్వు ఆగిపోయింది.

"నాకు తెలుసు. నిన్న పొద్దునే చూశా."

"మరి తీసి పారెయ్యలేదేం? నాకు తెలిసేదే కాదుగా."

"రెండుసార్లు చెయ్యి పెట్టా." "ఎంత బావుందో తెలుసా అక్కా, ఇన్నాళ్లకి? నోటితో చెప్పబుద్ధి కాలేదు. అదక్కడుంటే నువ్వే చూస్తావులే అనుకున్నా."

దాన్ని కావిలించుకుని ఏడ్చాను. అమ్మ మాత్రం కింద కూర్చుని, మూడు వేళ్లు మిగిలిన ఆ పాదానికి ఒకదాని మీద ఒకటి రెండు మేజోళ్లు తొడిగింది.

"బూట్లేవే?"

"ఎవరికో ఇచ్చేశా."

అమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లి తన బూట్లు తెచ్చింది.