సున్నం పట్టని గోడ

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో కొంచెం తారుమారు కావచ్చు. దొర వచ్చింది సంవత్సరీకానికి ముందని కొందరు, తర్వాతని కొందరు చెప్పేవాళ్లు. తర్వాతనే అనుకుందాం.

పొల్లాచ్చి వైపు నుంచి కోయంబత్తూరుకు వచ్చే బాట కంపెనీవాళ్ల కాలంలో చూడముచ్చటగా ఉండేది కాదు. సుంకం చావడి దాటగానే ఒక పక్క నూనె గానుగలు, ఇంకో పక్క తోళ్లు ఊరబెట్టే గుంటలు, మధ్యలో ఒకదాన్నొకటి తోసుకునే పత్తిబండ్లు. ఆ వరుసలోనే కృష్ణమ్మాళ్ కొట్టం. పొద్దున్నే ఆడవాళ్లు పత్తిలో గింజ తీయడానికి వచ్చి కూర్చునేవాళ్లు. మధ్యాహ్నానికల్లా అందరి తలలూ నెరిసినట్టు కనిపించేవి.

కొట్టం గోడ ఆమె భర్త తిరుమలసామి తన కాళ్లతో మట్టి తొక్కి పెట్టింది. ఆయన పోయాక, వాళ్ల ఇళ్ల ఆనవాయితీ ప్రకారం ఏడాది తిరిగేదాకా దానికి సున్నం కొట్టలేదు. సంవత్సరీకం అయింది. పొల్లాచ్చి నుంచి అన్న పెరుమాళ్‌సామి వచ్చి, చెల్లెలికి కొత్త చీర పెట్టి దుఃఖం విడిపించాడు. మర్నాడు గోడకు సున్నం కొట్టారు. తెల్లారేసరికి ఆ సున్నమంతా అప్పడాల్లా ఊడి గోడ కింద పడి ఉంది.

"గోడకింకా దుఃఖం తీరలేదులే," అంది ఆడబిడ్డ సెల్లాయి, పెచ్చులు చేటలోకి ఎత్తుకుంటూ. "మా కోళ్లగూటికి పనికొస్తాది."

అందరూ అవునన్నారు. పనిలో పడ్డారు.

ఎండలు ముదిరే చిత్తిరై నెలలో కొత్త కలెక్టరు దొర ఆ బాటనే ఊళ్లోకి వస్తాడని తెలిసింది. తాసిల్దారు ఉత్తరువు వేశాడు. తోళ్లగుంటలకు తడికలు కట్టాలి, బాటకు రెండు వైపులా గోడలు తెల్లగా ఉండాలి, తెల్లగా లేనిదాన్ని పడగొట్టాలి. పడగొట్టిన చోటు పక్కనున్న పత్తి వర్తకుడు రత్నసభాపతికి గిడ్డంగి కోసం ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

బంట్రోతు వచ్చి కొట్టం ముందు నిలబడ్డాడు.

"శుక్రవారం లోపల తెల్లగా ఉండాల, అక్కా."

"నేను కొడతానే ఉండా తంబీ. అది పట్టుకోవద్దా?"

"నీ గోడే గదా, నీ మాట వినదా?"

"నీ పెండ్లాము నీ మాట వింటా ఉందా?"

బంట్రోతు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "పడగొట్టేస్తారక్కా. నిజంగానే," అన్నాడు.

కొట్టం పోతే కృష్ణమ్మాళ్ పొల్లాచ్చికి పోయి, అన్న ఇంట్లో వదినె పెట్టింది తిని పడి ఉండాలి.

సెల్లాయికే తట్టింది. "వదినా, నీకు చీర పెట్టారు. పెండ్లైనా చావైనా మన ఇండ్లల్లో నిట్రాడు గుంజకు కూడా గుడ్డ చుడతారు గదా. ఈ గోడకు ఎవురు పెట్టినారు?"

అందరూ నాలుక కరుచుకున్నారు. కృష్ణమ్మాళ్ కొత్త గుడ్డకు పసుపు రాసి గోడమీద మేకుకు కట్టింది. సున్నంలో బెల్లం, తుమ్మబంక కలిపి మళ్లీ కొట్టించింది. తెల్లారి చూస్తే గుడ్డ ఉంది, సున్నం లేదు.

"పెట్టింది తీసుకునింది, మాట మాత్రం వినలేదు. అచ్చం మా అన్న మాదిరే," అంది సెల్లాయి.

కృష్ణమ్మాళ్ గోడమీద అరచెయ్యి ఆనించి చూసింది. మనిషికి ఏడాది చాలితే మట్టికి ఎంత కావాలో, అనుకుంది. భయం కన్నా ఆ సంగతి తెలుసుకోవాలనే ఆమెకు ఎక్కువగా ఉంది.

పడగొట్టేవాళ్లు రాకముందే, శుక్రవారం మిట్టమధ్యాహ్నం దొర వచ్చాడు. చిత్తిరై ఎండ రెండు వైపులా తెల్లగోడల మీద పడి కళ్లు పొడుస్తోంది. గుర్రం కళ్లు మూసుకుని నిలబడిపోయింది. దొర కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. గుర్రం కాసేపు తల విదిలించి, బాట పొడుగునా ఉన్న ఒకే ఒక్క నల్లటి గోడ దగ్గరికి తానే నడిచి, దానికి ఎదురుగా ఆగింది. దొర చాలాసేపు ఆ గోడనే చూశాడు. కళ్లు తేరుకున్నాక, ఇది ఎందుకిలా ఉందని దుబాసీ చేత అడిగించాడు.

తాసిల్దారు తలపాగా సర్దుకున్నాడు. "అది దుఃఖంలో ఉంది."

దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఎన్నాళ్లు ఉంటుందట?"

తాసిల్దారు కృష్ణమ్మాళ్ వైపు చూశాడు.

"అది చెప్పలేదు సామీ. నాకూ తెలుసుకోవాలనే ఉండాది," అంది ఆమె.

జనం ఆచారాల్లో వేలు పెట్టకూడదని కంపెనీ కట్టుబాటు. దొర కాస్త ఆలోచించి, దుఃఖం తీరేదాకా దాన్ని ఎవరూ పడగొట్టకూడదని చెప్పించాడు. కనుచూపు మేర గోడవైపే ముఖం తిప్పుకుని ముందుకు సాగాడు.

దుఃఖం తీరిందని తేలిన రోజు ఆ చోటు తనదవుతుందని రత్నసభాపతి ఆశ వదులుకోలేదు. ఏటేటా వానలు వెళ్లాక బంట్రోతును పంపి, గోడకు అరచేతి మందాన సున్నం రాయించి, మర్నాడు చూసి రమ్మనేవాడు. ప్రతి ఏడూ అది రాలిపోయేది.

అలా చాలా ఏళ్లు గడిచాయి. తిరుమలసామి ముఖం కృష్ణమ్మాళ్‌కే సరిగ్గా గుర్తుకు రావడం మానేసింది. ఒక తెల్లవారుజామున ఆమె వచ్చి చూస్తే, ముందురోజు రాసిన సున్నం గోడమీద తెల్లగా, గట్టిగా ఉంది. ఒక్క పెచ్చు కూడా ఊడలేదు.

కొంగుతో తుడవబోయి ఆగింది. గోడకు దగ్గరగా కూర్చుంది.

"మజ్జిగలోకి ఉప్పు ఎక్కువ అడిగేవాడు, గుర్తుందా?" అంది మెల్లగా. "మట్టి తొక్కేటప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకునేవాడు. కోపమొస్తే నాతో కాదు, నీతోనే గదా మాట్లాడేది."

చెప్పేకొద్దీ ఆమెకే ఒక్కొక్కటీ తిరిగి వచ్చింది. చెవి పక్కన మచ్చ వచ్చింది, నవ్వు వచ్చింది, చివరికి ముఖం వచ్చింది.

బంట్రోతు వచ్చేసరికి సున్నమంతా రాలి, గోడ కింద తెల్లపొడి కుప్పపడి ఉంది.

"ఇంకా తీరలేదా అక్కా?"

"ఇంకా లేదు తంబీ," అని కృష్ణమ్మాళ్ చీపురు అందుకుంది.

అమ్మా ఇందిరా, ఈ కథ మీ ఇంటివాళ్లు చెప్పిందే గదా, పేర్లు ఒకసారి సరిచూడు. ఆడబిడ్డ సెల్లాయేనా, ఆ పొల్లాచ్చి అన్న పెరుమాళ్‌సామేనా, నువ్వే చెప్పాలి.